డిగ్రీ అయ్యాక మ్యాగజైన్ డెస్కు దాకా

జర్నలిజంలో పీజీ చేసినవాళ్లు, తెలుగు ఎమ్మే చదివినవాళ్లు, బీటెక్ పూర్తిచేసి రాత మీద మనసు పడినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మ్యాగజైన్‌లో పనిచేయాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి?" దినపత్రిక గురించి అడిగితే జవాబు సులువు. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటి శిక్షణ సంస్థలు ప్రకటన ఇస్తాయి. భాష, అనువాదం, వర్తమాన వ్యవహారాల మీద పరీక్ష పెడతాయి. ఎంపికైనవాళ్లకు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతాయి. మ్యాగజైన్లకు అంత చక్కని దారి లేదు. వీక్లీలో గానీ మంత్లీలో గానీ ఎడిటోరియల్ సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎప్పుడో ఒక ఖాళీ వస్తే, ప్రకటన ఇచ్చేలోపే ఎవరో ఒకరు "ఆ అమ్మాయిని పిలుద్దామా? మొన్న రెండు నెలలు మన దగ్గర చేసింది కదా" అంటారు. అక్కడితో ఆ ఖాళీ నిండిపోతుంది.

అందుకే డిగ్రీ అయ్యాక కొన్ని వారాలో నెలలో మ్యాగజైన్ ఆఫీసులో పని అనుభవం కోసం చేరడం ఈ వృత్తిలోకి అసలు దారి అయింది. ఇంటర్న్‌షిప్ అన్నా, ట్రైనీ అన్నా, ఊరికే "వచ్చి కూర్చుంటాను సార్" అన్నా విషయం ఒకటే. కానీ చాలామంది దాన్ని సర్టిఫికెట్ సంపాదించే పనిగా చూస్తారు. సర్టిఫికెట్‌ను ఏ ఎడిటరూ చదవడు. ఆ కొన్ని వారాల్లో మీకు దక్కవలసింది వేరే ఉంది: మీరు రాసిన ముక్కను అనుభవం ఉన్న మనిషి ఒకరు పెన్ను పట్టుకుని దిద్దడం. అది జరిగే చోటు చిన్న పత్రిక అయినా మంచిదే. జరగని చోటు ఎంత పెద్ద పేరున్నదైనా మీకు వృథా.

ఇది అర్థం కావాలంటే ముందు మ్యాగజైన్ ఎలా తయారవుతుందో తెలియాలి. దినపత్రిక డెస్కు ఆ రాత్రి ఎడిషన్ పోయేలోపు పని ముగిస్తుంది. మ్యాగజైన్ ఎప్పుడూ ముందు కాలంలో బతుకుతుంది. వీక్లీ డెస్కు మీద ఈ రోజు మూడు నాలుగు సంచికలు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి ప్రెస్సులో ఉంటుంది, ఒకటి పేజీలు కట్టించుకుంటుంది, ఒకటి కాపీ ఎడిటింగ్‌లో ఉంటుంది, మరొకటి ఇంకా కాగితం మీద గళ్లుగానే ఉంటుంది. ఆ గళ్ల కాగితాన్ని డమ్మీ అంటారు. ఏ పేజీలో ప్రకటన, ఏ పేజీలో సీరియల్, కవర్ స్టోరీకి ఎన్ని పేజీలు, వారఫలాలు ఎక్కడ అన్నది దాని మీదే తేలుతుంది. ప్రకటన ఒకటి ఆఖరి నిమిషంలో రద్దయితే అర పేజీ ఖాళీ అవుతుంది. దాన్ని నింపడానికి ఫిల్లర్ కావాలి. కొత్తగా వచ్చిన కుర్రాడి తొలి రచన అచ్చయ్యేది సాధారణంగా ఆ అర పేజీలోనే.

సంక్రాంతి సంచికను ఉదాహరణగా తీసుకుందాం. పండుగ జనవరి మధ్యలో. సంచిక అంతకు వారం ముందే బజారులో ఉండాలి. అంటే పేజీలు డిసెంబరులోనే ముగియాలి, కాపీ నవంబరు చివరికి చేతికి రావాలి, ఆలోచన అక్టోబరులో ఖరారు కావాలి. గంగిరెద్దుల వాళ్ల మీద రాయాలనుకుంటే అక్టోబరులో వాళ్లు ముంగిట్లోకి రారు. వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లాలి. పండుగ కళ ఉన్న ఫొటో కావాలంటే పోయిన సంక్రాంతికి తీసి పెట్టుకున్నదే గతి. అందుకే అనుభవం ఉన్న ఫీచర్ రచయితలు పండుగ రోజున కెమెరా పట్టుకుని తిరిగి, ఆ ఫొటోలను ఏడాది పాటు దాచుకుంటారు. జనవరి ఐదున "సంక్రాంతి మీద రాస్తాను సార్" అని ఫోన్ చేసిన పట్టభద్రుడికి జవాబు రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఆ సంచిక అప్పటికే వ్యాన్ ఎక్కి ఉంటుంది.

ఈ వ్యవస్థలో కొత్త మనిషికి దొరికేవి చిన్న పనులు. పాఠకుల ఉత్తరాలు, మెయిళ్లు విడదీయడం. వచ్చిన కథల రిజిస్టరు రాయడం. ప్రూఫులు చూడటం. ఫొటో కింద రెండు వాక్యాల క్యాప్షన్ రాయడం. వంటల పేజీలో ఇచ్చిన పదార్థాలన్నీ తయారీ విధానంలోనూ ఉన్నాయా అని సరిచూడటం. పాత అను ఫాంట్లలో వచ్చిన కాపీని యూనికోడ్‌లోకి మార్చాక విరిగిన వత్తులు సరిచేయడం. వీటిని చాకిరీ అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఈ పనులే మ్యాగజైన్ రాతకు ఓనమాలు. అయితే ఒక షరతు ఉంది: చేసిన పనిని ఎవరో చూసి, తప్పెక్కడో చెప్పాలి.

దీనికి గొప్ప ఉదాహరణ అమెరికాలో ఉంది. రచయిత్రి జోన్ డిడియన్ 1956లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో డిగ్రీ పూర్తిచేస్తూ, ఆఖరి ఏడాది విద్యార్థినుల కోసం వోగ్ పత్రిక నడిపే ప్రి ద పారీ అనే వ్యాసరచన పోటీలో గెలిచింది. దాని ద్వారా న్యూయార్కులో వోగ్ ఆఫీసులో ఉద్యోగం దక్కింది. చేరగానే ఆమెతో వ్యాసాలు రాయించలేదు. ముందు పత్రిక ప్రచారానికి రాసే కాపీ, ఆ తర్వాత ఫొటోల కింద క్యాప్షన్లు. స్థలం ఇంత అని కొలిచి ఇచ్చేవారు, అందులోనే పట్టాలి. అలీన్ టాల్మీ అనే ఎడిటర్ పెన్సిల్ పట్టుకుని మాటలు కొట్టేస్తూ మళ్లీ మళ్లీ రాయించేది. క్రియ బలంగా లేకపోతే ఊరుకునేది కాదు. తర్వాతి కాలంలో అమెరికన్ వచనంలో డిడియన్ వాక్యం అంత పొదుపుగా, పదునుగా ఉందంటే, ఆ పునాది క్యాప్షన్ల దగ్గర పడిందని ఆమే రాసుకుంది.

మన దగ్గరా ఇదే కనిపిస్తుంది. ముళ్లపూడి వెంకటరమణ 1950లలో మద్రాసులో ఆంధ్రపత్రిక వీక్లీ డెస్కులో సబ్ ఎడిటర్. సినిమా సమీక్షలతో పాటు డెస్కు పనులన్నీ చేశారు. బుడుగు పుట్టింది ఆ పత్రిక పేజీల్లోనే. చందమామలో కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఉన్నారు. బయటి నుంచి వచ్చిన కథలు అక్కడ ఆ పత్రిక శైలిలోకి తిరగరాయబడేవి. ఎవరు రాసినా పిల్లలకు ఒకే గొంతు వినిపించిందంటే ఆ దిద్దుబాటే కారణం. అలాంటి బల్ల పక్కన ఆరు నెలలు కూర్చోవడం ఏ డిప్లొమాకైనా సాటి వస్తుంది.

దిద్దుబాటు అంటే అచ్చుతప్పులు సరిచేయడం అనుకోవద్దు. ఒక నమూనా చూడండి. పోచంపల్లి చీరల మీద రాయమంటే కొత్తవాళ్లలో చాలామంది ఇలా మొదలుపెడతారు: "మన చేనేతకు ఘనమైన చరిత్ర ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీరను నేసిన ఘనత మన నేతన్నలది. అలాంటి చేనేత రంగంలో పోచంపల్లిది ప్రత్యేక స్థానం." ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. పాఠకుడికి తెలియని మాట కూడా ఒక్కటీ లేదు. మంచి ఎడిటర్ ఈ మూడు వాక్యాలూ కొట్టేసి, వ్యాసంలో ఎక్కడో ఆరో పేరాలో దాక్కున్న విషయాన్ని పైకి తెస్తాడు: "పోచంపల్లిలో డిజైను మగ్గం మీద పుట్టదు. దారం మగ్గం ఎక్కకముందే, దానికి రబ్బరు పట్టీలు బిగించి కట్టి రంగులో ముంచినప్పుడే చీర మీది పువ్వు ఖరారైపోతుంది." కట్టిన చోట రంగు అంటదు, కట్టని చోట అంటుతుంది, ఆ లెక్క తప్పితే నేతలో పువ్వు చెదురుతుంది. చదివేవాడు ఇప్పుడు రెండో పేరాకు వెళతాడు.

అదే కాపీలో ఎడిటర్ ఇంకో గీత గీస్తాడు. "నల్గొండ జిల్లా పోచంపల్లి" అని ఉంటే దాని కింద. ఆ మాట పాత వ్యాసం నుంచి దిగింది. 2016లో తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగాక భూదాన్ పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే పాత రాతల్లో జిల్లా పేరు కనపడితే నమ్మకుండా సరిచూడటం ఇవాళ ప్రతి తెలుగు డెస్కులోనూ రోజువారీ పని. ఇంటిపేరులో దీర్ఘం, వయసు, ఊరు, మండలం, సంస్థ పూర్తి పేరు, ఏ సంవత్సరం. ఈ ఆరింటినీ మూల వ్యక్తికే ఫోన్ చేసి సరిచూసుకునే అలవాటు మీకుందని డెస్కుకు తెలిసిన రోజు నుంచి మీ కాపీ ముందు చదువుతారు.

సరే, అడగడం ఎలా? ముందు ఆ పత్రిక ఈ ఏడాది సంచికలు కనీసం పది కూర్చుని చదవండి. చదవడమంటే కథలు చదివి మురిసిపోవడం కాదు. ఏ శీర్షిక ప్రతి సంచికలోనూ ఉంది, దాని నిడివి ఎంత, సిబ్బంది రాస్తున్నారా బయటివాళ్లు రాస్తున్నారా, ఫొటోలు ఎవరివి అని నోట్ చేసుకోవడం. తర్వాత ఇంప్రింట్ చూడండి. ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్ ఎవరో, పత్రిక ఎక్కడి నుంచి వెలువడుతోందో ప్రతి సంచికలోనూ అచ్చువేయాలన్నది 1867 నాటి చట్టం నుంచి వస్తున్న నియమం. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ నాలుగు వరుసలే మీకు కావలసిన చిరునామా. "గౌరవనీయులైన సంపాదకులకు" అని యాభై పత్రికలకు ఒకే మెయిల్ పంపితే అది ఎక్కడా తెరవబడదు. ఒక్క పత్రికకు, ఒక్క మనిషి పేరుతో, పది వాక్యాలు రాయండి.

ఆ పది వాక్యాల్లో మీ ఆశయాలకు చోటు వద్దు. మీరు ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా రాగలరు, ఏం చేయగలరు (యూనికోడ్ టైపింగ్ వేగంగా వచ్చా, ఇంగ్లిషు నుంచి తెలుగులోకి శుభ్రంగా అనువదించగలరా, ప్రూఫ్ చూడగలరా), ఆ పత్రికలోని ఫలానా శీర్షికకు సరిపోయే మూడు ఆలోచనలు. ఆలోచన అంటే అంశం కాదు. "గంగిరెద్దుల వాళ్ల జీవితాలు" అన్నది అంశం. "సంక్రాంతి నెల పోయాక మిగతా పదకొండు నెలలు గంగిరెద్దును ఎవరు మేపుతారు, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? ఫలానా ఊళ్లో మూడు కుటుంబాలతో మాట్లాడాను, పోయిన పండుగ నాటి ఫొటోలు ఉన్నాయి" అన్నది ఆలోచన. రెండోదానికి జవాబు వస్తుంది. వారం పదిరోజుల్లో రాకపోతే ఒకసారి ఫోన్ చేయడంలో తప్పులేదు. చేసే వేళ చూసుకోండి. పేజీలు ముగించే రోజున డెస్కుకు ఫోన్ చేస్తే ఎంత మంచివాళ్లయినా విసుక్కుంటారు. ఆ రోజు ఏదో కనుక్కోవడం కష్టం కాదు, రిసెప్షన్‌లో అడిగితే చెబుతారు.

ఎక్కడ అడగాలన్నది నిజాయితీగా మాట్లాడుకోవలసిన విషయం, ఎందుకంటే తెలుగు మ్యాగజైన్ లోకం చిన్నదైపోయింది. 1924లో మొదలైన భారతి 1991లో ఆగింది. ఇండియాటుడే తెలుగు సంచిక 2015లో మూతపడింది. విపుల, చతుర, తెలుగు వెలుగు 2021లో నిలిచిపోయాయి. స్వాతి లాంటివి కొన్ని నిలబడ్డాయి. ఇవాళ తెలుగులో మ్యాగజైన్ రాత ఎక్కువగా బతుకుతున్నది దినపత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ ఫీచర్ పేజీల్లోనూ: ఈనాడు ఆదివారం, వసుంధర, సాక్షి ఫన్‌డే, ఆంధ్రజ్యోతి నవ్య, నమస్తే తెలంగాణ బతుకమ్మ. పేరుకు దినపత్రికే అయినా పనితీరు మ్యాగజైన్‌దే. ముందస్తు ప్రణాళిక, పొడవైన కాపీ, ఫొటో ప్రాధాన్యం అన్నీ అక్కడున్నాయి.

ఇవి కాక ఎవరూ తలుపు తట్టని ఆఫీసులు కొన్నున్నాయి. టీటీడీ మాసపత్రిక సప్తగిరి, కేంద్ర ప్రభుత్వ ప్రచురణల విభాగం తెచ్చే యోజన తెలుగు సంచిక, వ్యవసాయ పత్రికలు, వృత్తి సంఘాల పత్రికలు. వాటిలో హంగు తక్కువ. కానీ వరి తెగుళ్ల గురించి రైతుకు అర్థమయ్యేలా రాయడం నేర్చినవాడు తర్వాత ఆరోగ్యం పేజీ అయినా ఆర్థికం పేజీ అయినా రాయగలడు. ఒక రంగం మీద పట్టు ఉన్న రచయిత ఫోన్ నంబరును ఎడిటర్లు భద్రంగా దాచుకుంటారు. ఇంగ్లిషులోనూ రాయగలిగితే ఫ్రంట్‌లైన్, క్యారవాన్, డౌన్ టు ఎర్త్ వంటివి చూడండి. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' వెబ్‌సైట్ గ్రామీణ భారతం మీద రాతలను తెలుగుతో సహా అనేక భాషల్లో తెస్తోంది. విద్యార్థుల కథనాల కోసం దానికి ప్రత్యేక విభాగమే ఉంది. అమెరికాలోని తెలుగువారు 1998 నుంచి నడుపుతున్న ఈమాట సాహిత్య పత్రిక. అక్కడికి పంపిన రచన మీద సంపాదకుల సూచనలు వస్తాయి. జర్నలిజం కాకపోయినా, దిద్దించుకునే అలవాటుకు మంచి చోటు.

ఇక డబ్బు. ఈ మాట ఎత్తడానికి మనవాళ్లు మొహమాటపడతారు. పడకూడదు. ప్రపంచంలో అతి పెద్ద మ్యాగజైన్ సంస్థలు కూడా ఈ విషయంలో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. వోగ్, న్యూయార్కర్ పత్రికలు తెచ్చే కాండే నాస్ట్ సంస్థ మీద 2013లో ఇద్దరు మాజీ ఇంటర్న్‌లు తమకు కనీస వేతనం కూడా దక్కలేదని దావా వేశారు. సంస్థ ఏకంగా ఇంటర్న్‌షిప్ కార్యక్రమాన్నే ఆపేసింది. మరుసటి ఏడాది 58 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. బ్రిటన్ చట్టం ఇంకా స్పష్టం: యూనివర్సిటీ కోర్సులో భాగంగా ఏడాదిలోపు చేసే పనికి కనీస వేతనం నుంచి మినహాయింపు ఉంది. డిగ్రీ అయిపోయాక నిజంగా పనిచేయించుకుంటే వేతనం ఇవ్వాల్సిందే, ఊరికే పక్కన కూర్చుని చూడటం మాత్రం వేరు. అక్కడ చదువుతున్న తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. మీడియా వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మన దేశంలో 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఎవరిని జర్నలిస్టు అనాలో చెబుతూ ఎడిటర్, సబ్ ఎడిటర్, ఫీచర్ రైటర్, రిపోర్టర్, కార్టూనిస్టు, ప్రూఫ్ రీడర్ దాకా పేర్కొంది. అందులో ఇంటర్న్ అనే మాట లేదు. పత్రికా సిబ్బంది వేతనాల మీద మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. 1955 చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన లేబర్ కోడ్లలో కలిపేశారు. ఇంత జరిగినా, కొన్నాళ్లు నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఎంత ఇవ్వాలన్నది చాలా చోట్ల ఆఫీసు దయ మీదే ఉంది. ఇది అన్యాయమే. దీని వల్ల ఎక్కువ నష్టపోయేది పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టుకోలేని పిల్లలు. వాళ్లు రాకపోతే వాళ్ల ఊళ్లూ పత్రికల్లోకి రావు. స్టైపెండ్ ఇవ్వగలిగిన సంస్థ ఇవ్వకపోవడాన్ని నేను సమర్థించలేను.

కాబట్టి మీ వైపు నుంచి కొన్ని హద్దులు గీసుకోండి. డబ్బు లేని పని నాలుగు వారాలు, మహా అయితే ఆరు. అంతకు మించి ఉండమంటే "ఎంత ఇస్తారు?" అని మర్యాదగా అడగండి. రోజుకు ఎన్ని గంటలు, ఎవరి కింద, ఏ తేదీదాకా అన్నది చిన్న మెయిల్‌గానైనా రాయించుకోండి. రాసిన దానికి బైలైన్ ఇస్తారా అని ముందే తెలుసుకోండి. ఏళ్ల తరబడి ఉండాలని బాండు అడిగితే ఇంటికి తీసుకెళ్లి చదివి, పెద్దవాళ్లకు చూపించి అప్పుడే సంతకం చేయండి. శిక్షణకు డిపాజిట్ కట్టమని అడిగే చోటికి వెళ్లనే వద్దు. అలాగే "కోర్సు సర్టిఫికెట్ కావాలా, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కావాలా" అని రేట్లు చెప్పే చోట్లకు కూడా.

ఊరు వదలలేనివాళ్లకు మరో దారి ఉంది. ఇంటి దగ్గరి నుంచే ఒక శీర్షికను పట్టుకుని, దానికి సరిపోయే చిన్న ముక్కలు నెలకు ఒకటి చొప్పున పంపడం. నాలుగు వందల పదాలు, మంచి ఫొటో, సరిచూసిన పేర్లు. మదనపల్లె టమాటా మార్కెట్ గురించి గానీ ఆదిలాబాద్ గోండుల దండారి పండుగ గురించి గానీ హైదరాబాద్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్ కంటే మీకే బాగా తెలుసు. ఆ తెలివిడికి విలువ ఉంది. అచ్చయ్యాక మీ కాపీని, అచ్చయిన కాపీని పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చండి. ఏది కొట్టేశారు, ఏది పైకి తెచ్చారు, హెడ్డింగు ఎందుకు మార్చారు. దిద్దిన మనిషి ఎదురుగా లేకపోయినా ఆయన చెయ్యి మీకు కనిపిస్తుంది. అర్థం కాని మార్పు ఒకటుంటే ఒక వాక్యంలో మెయిల్ రాసి అడగండి. చాలామంది సబ్ ఎడిటర్లు సంతోషంగా జవాబిస్తారు, ఎందుకంటే వాళ్ల పనిని ఎవరూ అలా గమనించి అడగరు.

ఆఫీసులో చేరినవాళ్లు ఆఖరి రోజున మూడు పనులు చేసి రావాలి. మీ పేరుతో వచ్చిన ప్రతి పేజీ పీడీఎఫ్ తీసుకోండి. వెబ్ లింకులు కొన్నాళ్లకు పనిచేయకుండా పోతాయి. పేరు లేకుండా రాసిన క్యాప్షన్లు, బాక్సులు, ఫిల్లర్లు ఏ సంచికలో ఏ పేజీయో రాసిపెట్టుకుని, అవి మీవేనని మిమ్మల్ని చూసిన సీనియర్‌తో మెయిల్‌లో ఒక మాట రాయించుకోండి. మూడోది, వెళ్లే ముందే వచ్చే మూడు నెలల్లో మీరు రాయగల రెండు ఆలోచనలు ఆయన చేతిలో పెట్టి, గడువు అడిగి రండి. గడువు తేదీ చెప్పారంటే ఆ పత్రిక కంట్రిబ్యూటర్ల జాబితాలో మీ పేరు చేరినట్టే. ఆ తేదీకి రెండు రోజుల ముందే కాపీ పంపండి.